తీసేసిన సమాధి రాళ్లు



పాతబస్తీ దాటి శ్రీశైలం రోడ్డు మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లేవాళ్లు పహాడీ షరీఫ్ గుట్టను చూడకుండా పోలేరు. గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గా ఉంది. 13వ శతాబ్దంలో ఇరాక్ నుంచి దక్కనుకు వచ్చిన సూఫీ గురువు ఆయన. ఆ మహనీయుడికి దగ్గర్లోనే మన్నులో కలవాలని కోరుకున్న ఎంతోమంది సమాధులు గుట్ట చుట్టుపక్కల ఉన్నాయి. కొన్నిటి మీద పేర్లున్న పలకలు నిలబెట్టారు, కొన్నిటికి తలాపున ఒక చిన్న బండ మాత్రమే ఆనవాలు.

ఆ ప్రాంతమంతా గ్రానైట్ నేల. ఈ రాయి వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. అదే రాయి క్రషర్‌లో పడితే కంకరై రోడ్డు కిందికి పోతుంది, ఉలి కింద పడితే ఒక మనిషి పేరు మోస్తుంది. ఈ రెండు గతుల మధ్య ఉన్న రాయి గురించే ఈరోజు మాట్లాడదలచుకున్నాను. ఒకప్పుడు పేరు మోసి, కొత్త రాయి వచ్చాక పక్కకు తీసేసిన సమాధి రాయి గురించి. అందులోనూ ముఖ్యంగా, యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధి రాయి గురించి.

పేర్లు చెక్కే పని ఎప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? ఆ రోడ్డు పక్కన ఒక పెద్దాయన చెక్కుతుంటే చాలాసేపు చూశాను. నున్నగా మెరుగు పెట్టిన నల్లరాతి మీద ముందు తెల్ల పెన్సిల్‌తో గీతలు గీసుకున్నాడు. ఉర్దూ అక్షరాలు కుడి నుంచి, వాటి కింద తెలుగు అక్షరాలు ఎడమ నుంచి. సన్న ఉలిని కొంచెం వాలుగా పట్టి, సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేస్తున్నాడు. గట్టి దెబ్బ ఒక్కటి పడితే అక్షరం అంచు లేచిపోతుంది. ప్రతి నాలుగు దెబ్బలకూ ఒకసారి నోటితో ఊది రాతిపొడి పోగొడుతున్నాడు. అక్షరాల గుంటల్లో రంగు నింపి, ఆరాక, పైకి పాకిన రంగును బ్లేడుతో గీకేశాడు. అప్పుడు పేరు కనబడింది.

"చాచా, కొత్త రాయి పెట్టినంక పాతదాన్ని ఏం జేస్తరు?" అని అడిగాను.

"ఆడ్నే సమాధి పక్కన పాతిపెడ్తరు బేటా. కొందరు నా దగ్గరికి తెస్తరు, ఎనక దిక్కు సాఫ్ జేసి కొత్త పేరు రాయమని. నేను రాయను. ఒకల పేరు ఎనక ఇంకొకల పేరు ఎట్ల రాస్తం?" అన్నాడు ఆయన, ఉలి మీంచి చూపు తిప్పకుండానే.

పాత రాయిని ఏం చేయాలన్న ప్రశ్న ఆయన దుకాణంతో ఆగేది కాదు. ప్రపంచంలో సైనికుల సమాధుల్ని చూసుకునే అతి పెద్ద సంస్థల్లో ఒకదాని ముందు కూడా ఏటా వేల రాళ్ల రూపంలో అదే ప్రశ్న నిలబడుతోంది.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1917 మే 21న ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. దాని వెనక ఉన్న మనిషి ఫేబియన్ వేర్. 1960లో అది కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అయింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన సుమారు 17 లక్షల మంది జ్ఞాపకాన్ని, 23 వేల చోట్ల, 150కి పైగా దేశాల్లో, ప్రాంతాల్లో అది కాపాడుతోంది. అప్పట్లో చాలామందికి మింగుడుపడని నియమం ఒకటి ఆ సంస్థ పెట్టింది. జనరల్‌కైనా సిపాయికైనా ఒకే కొలత రాయి. ఎత్తు 81 సెంటీమీటర్లు, వెడల్పు 38, మందం 7.6. రాతి అడుగు భాగాన కుటుంబం తన మాట ఒకటి చెక్కించుకోవచ్చు, ఖాళీలతో సహా 66 అక్షరాలకు మించకుండా. మొదట్లో దానికి అక్షరానికి మూడున్నర పెన్నీలు అడిగారు. పేద తల్లులు ఎన్ని అక్షరాలకు డబ్బు పోగుచేయగలమో లెక్కపెట్టుకుని మాటలు కుదించుకున్నారంటే, ఆ రాయి ఆ ఇంటికి ఏమై ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

చాలాచోట్ల వాడింది ఇంగ్లాండులోని పోర్ట్‌లాండ్ సున్నపురాయి. తెల్లగా అందంగా ఉంటుంది, ఉలికి సులువుగా లొంగుతుంది, వానకూ అంతే సులువుగా లొంగుతుంది. మంచు, నాచు, గాలిలోని ఆమ్లం కలిసి కొన్ని దశాబ్దాల్లో అక్షరాల్ని తినేస్తాయి. కుదిరితే రాయి ఉన్నచోటే అక్షరాల్ని మళ్లీ లోతుగా చెక్కుతారు. కుదరకపోతే కొత్త రాయి వస్తుంది. ఇటీవలి దశాబ్దాల్లో ఫ్రాన్స్, బెల్జియంలలో చాలాచోట్ల ఇటలీ బొట్టిచీనో రాయి వాడుతున్నారు, అది ఎక్కువ కాలం నిలుస్తుందని. మరి పాత రాయి? పేరు కనబడకుండా పగలగొట్టి, రాతిముక్కలుగా వేరే పనులకు వాడేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. అమెరికాలోనూ ప్రభుత్వం పెట్టిన సైనిక సమాధి రాయి ఎప్పటికీ ప్రభుత్వ ఆస్తే. మార్చాక పాతదాన్ని చదవడానికి వీల్లేకుండా ధ్వంసం చేయాలన్నది అక్కడి నియమం.

వినగానే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ నియమం పెట్టినవాళ్ల వైపు నుంచి కూడా చూద్దాం. ఒక మనిషికి రెండు సమాధి రాళ్లుంటే, రెండోది ఎవరి పెరట్లోనో, పాత వస్తువుల దుకాణంలోనో తేలుతుంది. దాన్ని చూసినవాడు అక్కడొక సైనికుడు ఉన్నాడనుకుంటాడు. సైనిక వస్తువులు సేకరించేవాళ్లకు పేరున్న రాయి అంటే ధర పలికే సరుకు. ఎవరి ఇంటి బిడ్డో సంతలో అమ్ముడుపోకూడదంటే పేరును చెరిపేయడమే మేలని వాళ్లు అనుకున్నారు. అందులో న్యాయం ఉంది. నా బాధ పగలగొట్టడం గురించి కాదు, ఆ ముక్కలు ఎక్కడికి పోతున్నాయన్నదాని గురించి.

రాళ్ల కంటే ముందు జరిగిన ఒక మార్పిడిని గుర్తుచేసుకుంటే దీనికి జవాబు కొంత దొరుకుతుంది. యుద్ధభూమిలో సైనికుల్ని పూడ్చిన చోట మొదట నిలబెట్టినవి చెక్క శిలువలు. తోటి సైనికులు చేసినవి, లోహపు రేకు మీద పేరు అచ్చుగుద్ది మేకులతో కొట్టినవి. 1920లలో వాటి స్థానంలో రాళ్లు వచ్చాయి. అప్పుడు కమిషన్ ఆ చెక్క శిలువల్ని ముందు కుటుంబాలకే ఇవ్వజూపింది. రవాణా ఖర్చు పెట్టుకోగలిగినవాళ్లు తెప్పించుకున్నారు. ఇంగ్లాండులో పల్లెటూరి చర్చిల గోడలకు అవి ఈరోజుకీ వేలాడుతున్నాయి. అడుగున ఫ్రాన్సు బురద మరక అలాగే ఉన్నవి కూడా ఉన్నాయి. ఎవరూ అడగని వాటిని కాల్చి, ఆ బూడిదను అదే శ్మశానం నేల మీద చల్లారు.

ఎంత మర్యాద ఉంది ఆ పనిలో! ముందు అయినవాళ్లను అడిగారు. అయినవాళ్లు రాలేని చోట, ఆ చెక్కను అది కాపలా కాసిన మట్టికే ఇచ్చేశారు. నూరేళ్ల కిందట చెక్కకు చేసిన మర్యాద ఈనాడు రాతికి చేయలేమా?

కెనడావాళ్లు ఇంకో దారి చూపించారు. 2000 సంవత్సరంలో ఫ్రాన్స్‌లోని కాబరే రూజ్ శ్మశానం నుంచి, పేరు తెలియని ఒక కెనడా సైనికుడి అస్థికల్ని తీసుకెళ్లి ఒట్టావాలో జాతీయ స్మారకం ముందు సమాధి చేశారు. ఫ్రాన్స్‌లో ఖాళీ అయిన ఆ సమాధి దగ్గర, ఈ మనిషి ఇక్కడినుంచి వెళ్లాడని చెప్పే కొత్త రాయి పెట్టారు. మిగిలింది పాత రాయి. దాన్ని పగలగొట్టలేదు. ఒట్టావా యుద్ధ మ్యూజియంలో ఒక ప్రత్యేక గది కట్టి, అందులో ఆ ఒక్క రాయినే నిలబెట్టారు. గదికి కిటికీ ఎలా పెట్టారంటే, ఏటా నవంబరు 11న ఉదయం 11 గంటలకు, మొదటి ప్రపంచ యుద్ధం ఆగిన ఘడియకు, ఎండ సరిగ్గా ఆ రాతి మీద పడుతుంది. పేరు లేని మనిషి రాయి అది. గీతలు, మరకలు పడి, ఎనభై ఏళ్ల గాలివానలు తిన్న రాయి. అది అరిగినట్టు కనబడటం వల్లే చూసేవాళ్ల గొంతు పట్టేస్తుంది. కొత్త రాయికి ఆ శక్తి లేదు.

అన్నిటినీ అలా దాచుకోవాలని నేననను. ప్రతి రాయికీ ఒక గది ఎక్కడ కడతాం? కానీ మర్యాద తప్పితే ఏమవుతుందో కూడా లోకం చూసింది. వాషింగ్టన్‌లో కొలంబియన్ హార్మొనీ అని నల్లజాతివారి శ్మశానం ఒకటి ఉండేది. అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికులు కూడా అందులో ఉన్నారు. 1960లో దాదాపు 37 వేల సమాధుల్లోని అస్థికల్ని మేరీల్యాండ్‌కు తరలించారు. రాళ్లను మాత్రం తీసుకెళ్లలేదు. అవి పోటోమాక్ నది ఒడ్డు కోసుకుపోకుండా గట్టు వేయడానికి పోయాయి. అర్ధ శతాబ్దం తర్వాత, ఆ ఒడ్డున స్థలం కొన్న ఒక వర్జీనియా సెనేటర్ నడుస్తూ చూస్తే, నీళ్ల అంచున పేర్లు కనబడ్డాయి. 2021లో రెండు రాష్ట్రాల గవర్నర్లు, నగర మేయరు సభ పెట్టి, ఆ రాళ్లను తిరిగి ఇచ్చే పని మొదలుపెట్టారు. 2010లో అమెరికా సైనికులకు పవిత్రస్థలమైన ఆర్లింగ్టన్ శ్మశానంలోనే, పాత సమాధి రాళ్లు ఒక వాగు గట్టున పడి ఉన్నాయని వార్త వచ్చి దేశమంతా తలదించుకుంది. నియమం కాగితం మీద ఉన్నా, రాయిని ఎక్కడ, ఎవరి కళ్ల ముందు వదిలించుకోవాలో తేల్చకపోతే అది వాగు గట్టుకే చేరుతుంది.

ఇక మనవాళ్ల సంగతికి వస్తాను.

హైదరాబాదులో మాసబ్ ట్యాంక్ దగ్గర ఫస్ట్ లాన్సర్ అనే బస్తీ ఉంది. నిజాం గుర్రపుదళం పేరు అది. మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి ఈజిప్టులో సూయెజ్ కాలువకు కాపలా కాశారు, పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీలో తీన్ మూర్తి అనే ఆ మూడు విగ్రహాల్లో ఒకటి మన హైదరాబాద్ రౌతుది. ఆ యుద్ధరంగంలో చనిపోయిన సుమారు 4 వేల మంది భారతీయ సైనికుల కోసం, సూయెజ్ కాలువ దక్షిణపు కొసన పోర్ట్ తెవ్‌ఫిక్ దగ్గర 1926లో ఒక స్మారకం కట్టారు. చార్లెస్ సార్జెంట్ జాగర్ చెక్కిన రెండు పులులు దానికి కాపలా. బొంబాయి నుంచి యూరప్‌కు ఓడల్లో పోయే మనవాళ్లు ఆ కాలువలోకి అడుగుపెడుతూనే దాన్ని చూసి ఉంటారు.

1967 నుంచి 1973 దాకా ఇజ్రాయెల్, ఈజిప్టుల మధ్య సాగిన పోరులో ఆ స్మారకం దెబ్బతింది, చివరికి కూల్చేశారు. 1980లో కైరో పక్కన హీలియోపోలిస్ సైనిక శ్మశానంలో దాని బదులు వేరే స్మారకం ఆవిష్కరించారు. పేర్లు మళ్లీ ఒక చోటికి చేరాయి, సంతోషమే. కానీ వాళ్లు కాపలా కాసిన నీళ్ల అంచున కాదు, అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలో. పేరు బతికినా చోటు పోయింది.

ఇరాక్‌లోని అమారాలో ఇంకా విచిత్రం. అక్కడి నేలలో ఉప్పు రాళ్లను తినేస్తోందని 1933లో మొత్తం సమాధి రాళ్లన్నీ పీకేసి, ఒక గోడ మీద పేర్లు చెక్కారు. నాలుగున్నర వేలకు పైగా సమాధులు రాయి లేని నేలగా మిగిలాయి.

అసలు రాయికే నోచుకోనివాళ్ల మాట చెప్పకుండా ఈ విషయం మాట్లాడటం న్యాయం కాదు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలిటరీ మాధవరం అనే పేరు ఊరికే రాలేదు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి మగవాళ్లు వెళ్లారు. అటువంటి ఊళ్ల నుంచి, మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, పంజాబు నుంచి, ఆఫ్రికా నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లి చనిపోయినవాళ్లలో కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, వాళ్లలో ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్లు, పేరుతో స్మరణ దక్కలేదని, కొందరికి ఏ రూపంలోనూ దక్కలేదని కమిషన్ నియమించిన సంఘమే 2021 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. కమిషన్ క్షమాపణ చెప్పింది. జనరల్‌కూ సిపాయికీ ఒకే రాయి అన్న గొప్ప నియమం సముద్రం దాటి మన సిపాయి దాకా పూర్తిగా రాలేదు. కాబట్టి, రాయి దొరికినవాళ్ల పాత రాయిని కంకర చేసేటప్పుడు, రాయే దొరకనివాళ్లు గుర్తుకు రావాలి.

యుద్ధంలో పడినవాడికి రాయి నిలబెట్టడం మనకు ఇంగ్లీషువాళ్లు నేర్పిన పని కాదు. నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల కాలం నాటి ఛాయాస్తంభాలు దొరికాయి. 3, 4 శతాబ్దాల నాటివి. చనిపోయిన సైనికుల కోసం నిలబెట్టినవి వాటిలో ఉన్నాయి. సాగర్ నీళ్లు లోయను ముంచుతాయని తెలిసి, 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ఏ రాయి ఎక్కడ దొరికిందో రాసిపెట్టుకుని, కొండ మీద మ్యూజియానికి చేర్చారు. చోటు నీటిపాలైంది కానీ చోటు వివరం నీటిపాలు కాలేదు. ఇక మన ఊళ్లలో వీరగల్లులు సరే సరి. గుర్రం మీద కత్తి దూసిన వీరుడు, అతణ్ని స్వర్గానికి తీసుకుపోతున్న అప్సరసలు. కొన్నిటికి పసుపు కుంకుమలు పెట్టి మొక్కుతారు, కొన్ని పొలం గట్టున బోర్లా పడి ఉంటాయి, కొన్ని బట్టలుతికే బండలయ్యాయి. కారంపూడిలో మాత్రం 12వ శతాబ్దపు పల్నాటి వీరుల రాళ్లకు ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు, రాచగావు అనే తొలి ఘట్టంతో మొదలుపెట్టి కల్లిపాడు అనే చివరి ఘట్టం దాకా, ఉత్సవం జరుగుతుంది. రాయిని ఎవరో ఒకరు ఏడాదికి ఒకసారైనా పలకరిస్తే అది ఎనిమిది వందల ఏళ్లు నిలుస్తుందన్నమాట.

మన గ్రానైట్‌కు, పోర్ట్‌లాండ్ రాయికి తేడా ఇక్కడే. వాళ్ల రాయిని వాన చెరిపేస్తుంది. మన రాయి వానకు చెరగదు. మన దగ్గర సమాధి రాయి పోయిందంటే మనిషి చేత్తోనే పోతుంది. రోడ్డు వెడల్పు కోసమో, ప్రహరీ గోడకు రాయి తక్కువపడో, పాతదాని బదులు మెరిసే పలక పెట్టాలన్న ముచ్చటకో. విమానాశ్రయం వచ్చాక, 2008 నుంచి, శంషాబాద్ చుట్టూ భూమికి వచ్చిన ధర అందరికీ తెలుసు. ఆ ధర ముందు ఒక పాత రాయి ఎంతసేపు నిలబడుతుంది?

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో పాత సైనిక శ్మశానాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో చనిపోయి, దేశంలో పలుచోట్ల ఇలాంటి శ్మశానాల్లో ఉండి, సమాధుల్ని శాశ్వతంగా చూసుకోవడం కుదరదనుకున్న వెయ్యి మందికి పైగా సైనికుల పేర్లను చెన్నై నందంబాకంలోని మద్రాస్ వార్ సెమెటరీలో ఒక స్మారకం మీద చెక్కారు. అంటే పేర్లు చెన్నైలో ఉన్నాయి, మనుషులు మాత్రం ఎక్కడ పూడ్చారో అక్కడే ఉన్నారు. అలాంటి సమాధి మీద ఏ రెజిమెంటో, ఏ భార్యో పెట్టించిన రాయి మిగిలి ఉంటే, లెక్క ప్రకారం అది ఇప్పుడు ఎవరికీ అక్కర్లేని రాయి. నా దృష్టిలో అదే అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే మనిషి నిజంగా ఉన్న చోటును చూపిస్తున్నది అదొక్కటే. అందరికంటే ముందు దాన్ని కాపాడాలి. 1976 నుంచి బ్రిటన్‌లోని బాక్సా అనే సంఘం దక్షిణాసియాలోని పాత యూరోపియన్ సమాధుల మీది రాతల్ని నమోదు చేస్తూ వస్తోంది. మన కాలేజీల చరిత్ర విభాగాలు తలుచుకుంటే ఆ పని ఇక్కడ మరింత బాగా జరుగుతుంది.

మరి తీసేసిన రాయిని ఏం చేయాలి? నాకు తోచింది చెబుతాను. తీసే ముందు నాలుగు వైపులా ఫోటో తీసి, ఏ వరుస, ఎన్నో సమాధి, ఎందుకు తీశారు, ఏ తేదీన తీశారు అన్నది దస్త్రంలో రాయాలి. రాసిన దాని విలువ ఎప్పుడు తెలుస్తుందో చెప్పలేం. కవి రడ్యార్డ్ కిప్లింగ్ కొడుకు జాన్ 1915లో లూస్ యుద్ధంలో పోయాడు. పేరు తెలియని ఒక లెఫ్టినెంట్‌దిగా ఉన్న సమాధి ఆయనదేనని 1992లో కమిషన్ తేల్చి, రాయి మార్చింది. అది సరైన నిర్ణయమేనా అని ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరిగాయి. అలాంటి వాదనలో, తీసేసిన రాయి మీద ఏముందన్నది సాక్ష్యం.

రాసుకున్నాక కుటుంబాన్ని అడగాలి. తీసుకుంటామంటే ఇవ్వాలి, అమ్మకూడదన్న షరతుతో. వాళ్లు లేకపోతే, లేదా వద్దంటే, ఆ సైనికుడి ఊరినో, రెజిమెంటునో, బడినో అడగాలి. ఎవరూ రాకపోతే పగలగొట్టవచ్చు, పేరు మీద ఎవరి కాలూ పడకుండా. కానీ ఆ ముక్కలు ఆ శ్మశానం గేటు దాటకూడదు. కొత్త రాయికి పునాది ఎలాగూ తవ్వాలి కదా, పాత రాయి ముక్కలు ఆ పునాదిలోకే పోవాలి. రవాణా ఖర్చు ఉండదు, కొత్త స్థలం అక్కర్లేదు, సంతలో అమ్ముకునే భయం లేదు. ఆ మనిషి ఒళ్లో అతని పాత రాయి ఉంటుంది, తలాపున కొత్తది ఉంటుంది.

పహాడీ షరీఫ్‌లోనైనా, మీ ఊరి శ్మశానంలోనైనా, మీ కుటుంబంలో ఎవరి సమాధికైనా కొత్త రాయి పెట్టించే ఆలోచన ఉంటే, పనివాణ్ని పిలిచే ముందే పాత రాయికి చోటు అనుకోండి. మీ ఊళ్లో ఏ యుద్ధానికైనా వెళ్లి తిరిగిరాని మనిషి పేరున్న రాయి ఉంటే, దాని మీద ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద రాసి, ఫోటోతో కలిపి మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఒక ప్రతి ఇవ్వండి, మీ ఊరి బడిలో ఇంకో ప్రతి ఉంచండి. పేరు, దళం, తేదీ, రాయి ఉన్న చోటు. ఈ నాలుగూ ఉంటే చాలు.